నర్సింగమ్మ నింపిన చెంబు, దూరపు గ్రహాల గాలి

ముందు అభియోగం చెప్పి, తర్వాత నమస్కరిస్తాను. "మంజులత మేడం పదేళ్లుగా శనివారం మధ్యాహ్నాలు సిలబస్‌లో లేని గ్రహాల మీద పిల్లల కాలం వృథా చేశారు" అని ఇందాక ఇదే వేదిక మీద కామర్స్ అధ్యాపకులు శివకుమార్ సార్ నవ్వుతూ అన్నారు. నవ్వుతూ అన్నా అభియోగం అభియోగమే సార్. (నవ్వులు)

సభాధ్యక్షులైన ప్రిన్సిపాల్ గారికి, పెద్దలకు, మిత్రులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా భౌతికశాస్త్ర గురువు మంజులత మేడంకు, కుర్చీ వేసినా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డ అటెండర్ నర్సింగమ్మవ్వకు నమస్కారాలు. అవ్వా, నా తరఫు సాక్షివి నువ్వే.

రెండేళ్ల కింద, ఏప్రిల్‌లో, మేడం కళాశాల డాబా మీద ఒక పెద్ద మట్టి గోలెం, ఒక చిన్న చెంబు నిండా నీళ్లు పెట్టించి, మన నల్లగొండ ఎండకు ఏది ముందు ఎండుతుందో మూడు రోజులు రాసుకొమ్మన్నారు. దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గాలికి ఇది పోలిక మాత్రమేనని ముందే హెచ్చరించారు కూడా. నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు దగ్గరి గ్రహాల పైగాలిని కాచి ఉబ్బిస్తాయి; పెద్ద గ్రహం తన ఆకర్షణతో ఆ గాలిని పట్టి ఉంచుకుంటుంది, చిన్నది పట్టలేక అంతరిక్షంలోకి వదిలేస్తుంది. భూమికి ఒకటిన్నర నుంచి రెండింతల వెడల్పున్న గ్రహాలు తక్కువగా కనిపించడానికి ఇది కారణం కావచ్చునట. కాదు, గ్రహం లోపలి వేడే ఆ పని చేసిందనే పక్షమూ ఉందట. శాస్త్రజ్ఞులే ఇంకా వాదించుకుంటున్నారని విన్నాక నన్ను ఆపేదెవరు? (నవ్వులు)

మూడు రోజులైనా చెంబులో నీళ్లు తగ్గలేదు. చిన్న గ్రహం గాలి పోదని, మేడం సిద్ధాంతం తప్పని నేను అరగంట వాదించాను. "ఎవరో నీళ్లు పోస్తున్నట్టున్నరే" అని నా స్నేహితురాలు అక్షిత మెల్లగా అంది. "కొలతలు రానోళ్లే ఊహలు చేస్తరు" అని అందరి ముందు దాని నోరు మూయించాను. మరుసటి శనివారం అది రాలేదు.

ఆ శనివారమే నర్సింగమ్మవ్వ బిందెతో మెట్లెక్కి వచ్చి, మా కళ్ల ముందే చెంబు నింపింది.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?"

"పిట్టలు నోరు తెర్సుకొని కూసుంటున్నయి బిడ్డా. గోలెంల కిందికి దిగిన నీళ్లు వాటికి అందుతయా? సూసుకుంట ఎట్ల ఊకుండాలె?"

మేడం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. కొన్ని చిన్న గ్రహాలు మొదటి గాలిని పోగొట్టుకున్నాక, అగ్నిపర్వతాలు లోపలి నుంచి రెండో గాలిని పోస్తుండవచ్చని, అవ్వ చేసింది అదేనని చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు.

"త్రివేణీ, నక్షత్రం వయసుల ఉన్నప్పుడే గా కిరణాలు జాస్తి. దగ్గరున్నోళ్ల గాలి ఊడగొట్టేది గప్పుడే. పో, అక్షితను తోల్కరా."

బస్సెక్కి అక్షిత వాళ్ల ఊరు కట్టంగూర్ పోయాను. వాకిట్లోనే అడిగింది: "ఓడిపోయి వచ్చినవా?"

"ఆ, ఓడిపోయే వచ్చిన."

"గట్టిగ చెప్పు, మా అమ్మకు గూడ వినవడాలె." (నవ్వులు)

ఇదిగో, మూడో వరుసలో కూర్చుంది. శివకుమార్ సార్, నేను గెలిచిన చర్చలన్నీ సిలబస్‌లో ఉన్న విషయాల మీదే. ఓడిపోవడం మాత్రం ఆ డాబా మీద నేర్చుకున్నాను. అది వృథా అయితే, నా చదువులో నాకు మిగిలింది ఆ వృథాయే.

మేడం, మీకు చెప్పాలని రాత్రంతా వాక్యాలు పేర్చుకున్నాను. చివరికి రెండే మిగిలాయి. మీరు నన్ను వాదించనిచ్చారు. తప్పని తెలిసీ, చివరిదాకా విన్నారు.

ఇక సభకు నా డిమాండ్. నోటీసు బోర్డులో వచ్చే శనివారం గడి ఖాళీగా ఉంది. ఆ మధ్యాహ్నం డాబా మీదికి వచ్చే పిల్లల ముందు ఎవరు నిలబడతారు? అవ్వా, నువ్వు చెయ్యి దించు. నీ వంతు నువ్వు ఎప్పుడో చేశావు. నేను అడుగుతున్నది అధ్యాపకుల వరుసను. ఒక్క పేరు చెప్పండి. అది వినబడిన క్షణమే, మేడంకు కృతజ్ఞతలు చెప్పుకొని మైకు వదిలి సెలవు తీసుకుంటాను.

వింటున్నాను, చెప్పండి.