తుపాకులు ఎవలి సేతుల ఉన్నయ్

— అమ్మమ్మా, ఒక్క ఇంగ్లీషు ముక్క తప్పు రాసి మనిషిని జైలుకు పంపిన్నని మొన్న అన్నవ్ గదా. అదేందో సెప్పరాదు?

ముక్క తప్పు గాదు బిడ్డ. ముక్కలన్నీ మంచిగనే ఉండె. స్పెల్లింగు గూడ ఒక్కటి పోలే. ఒక మాటను పెట్టాల్సిన కాడ పెట్టలే, గంతే. నువ్విప్పుడు బ్యాంకు పరీచ్చకు సదువుతున్నవ్ గదా, గా పుస్తకంల దాన్నేమంటరు... ఆఁ, మాడిఫైరు. మా నాయిన గా పేరు సెప్పకపోయేది. 'అంటుమాట' అనేటోడు. అంటుమాట ఏ మాట పక్కన పెడితే దానికే అంటుకుంటది, నువ్వు మనసుల ఏమనుకున్నవో దానికేం తెల్వదు అనేటోడు.

మా నాయిన మిర్యాలగూడల మిషన్ బడి పంతులు. బోర్డు మీద ఒక్కటే వాక్యం రాసేటోడు, టీచరు పిల్లలకు రొట్టె ఇచ్చిండు అని, ఇంగ్లీషుల. అండ్ల 'ఓన్లీ' అనే మాట ఉంటది సూడు, దాన్ని ఒకపారి టీచరు ముందట పెట్టేటోడు, ఒకపారి పిల్లల ముందట, ఇంకోపారి రొట్టె ముందట. పెట్టినప్పుడల్లా మా దిక్కు మర్లి, 'ఇప్పుడు సెప్పుండ్రి, ఎవలు ఉపాసం ఉన్నరు?' అని అడిగేటోడు. తరగతిల మేం పదిమందిమి ఉండేటోళ్లం. నలుగురం ఆడపిల్లలం... కాదు, ముగ్గురం. రూతు అప్పటికే లగ్గమై పోయింది.

ఇగ ఇనుకో. మిలిట్రీ వచ్చి నిజాం రాజ్యం పోయినంక మాట ఇది. నాకప్పుడు పందొమ్మిదేండ్లు. గదే బడిల చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిపిస్తుంటి. అంతకుముందు అర్జీ అంటే ఉర్దూ. కచేరీ ముందట ఒక ముసలాయన సాప ఏసుకొని రాసేటోడు, ఎంత మంచి రాతనో, పూసలు గుచ్చినట్టే. మిలిట్రీ వచ్చినంక ఆయన సాప సుట్టుకొని ఇంటికి పోయిండు. కొత్తగొచ్చిన ఆఫీసర్లకు ఉర్దూ రాదు, తెలుగు రాదు. ఇంగ్లీషుల రాసుకొని రమ్మనిరి. ఊర్లె ఇంగ్లీషు వచ్చినోళ్లు ఎందరు? జనమంతా మా ఇంటికొచ్చుడు షురువాయె.

నాయినకు అప్పటికే కండ్లల్ల పొర. ఆయన మాట సెప్పేది, నేను రాసేది. పైసలు తీసుకోకపోతుండె. ఎవలన్న ఇన్ని అనపకాయలు తెస్తే తీసుకునేటోళ్లం. నాకు గర్వముండె బిడ్డ, అబద్ధమెందుకు. నా అంత పిల్లలు కలుపుకు పోతుంటే నేను బల్ల మీద కూసోని ఇంగ్లీషు రాస్తుంటి.

ఒకనాడు నాయిన కండ్లు సూపిచ్చుకునేటందుకు సూర్యాపేట దవాఖానకు పోయిండు. నేనొక్కదాన్నే ఇంట్ల ఉన్న. గప్పుడొచ్చింది నాగమ్మ. వేములపల్లి పక్కన పల్లె ఆమెది. నాకంటే నాలుగైదేండ్లు పెద్ద. ఎండల నడిసొచ్చింది, పాదాలకు దుబ్బ అంటుకొని ఉన్నది. నీళ్లిస్తే సెంబు దించకుండ తాగి, అప్పుడు నోరిప్పింది.

ఆమె పెనిమిటి సైదులు. జొన్నసేను కావలి ఉండె. అప్పుడు మా దిక్కు కాలువ ఎక్కడిది, వరి ఎక్కడిది, అన్నీ జొన్నలు, ఆముదాలే గదా. పట్టపగలు అయిదారుగురు కమ్యూనిస్టు దళపోళ్లు తుపాకులతోని సేన్లకు వచ్చి, ఆకలైతుంది ఏమన్న పెట్టుమన్నరంట. సైదులు తన కోసం తెచ్చుకున్న జొన్న గటక పోసిండు. పొయ్యక ఏం జేస్తడు? మూడో నాటికి మిలిట్రీ వచ్చి పట్టుకపోయింది. సూర్యాపేట క్యాంపుల పెట్టిండ్రు.

అప్పుడు ఎట్ల నడుస్తుండెనంటే, భయానికి బువ్వ పెట్టినోళ్లను అడిగి, మందలిచ్చి ఇడిసిపెడుతుండ్రు. తుపాకి పట్టినోళ్లను మాత్రం ఇడువరు. ఇంకో కొట్టంల ఏసి, ఆడికెళ్లి పెద్ద జైలుకు తోలుడు. అందుకే నాగమ్మ వచ్చింది. ఆయన ఒట్టిగ గటక పోసిండు అంతే అని రాసియ్యమని.

'ఉన్నదున్నట్టు సెప్పు అక్కా' అన్న.

'ఏమున్నది చెల్లె. తుపాకులు పట్టుకొని వచ్చిన మనుషులకు మా ఇంటాయన గటక పోసిండు' అన్నది.

దీంట్ల తిరకాసు ఏమన్న ఉన్నదా? లేదు. తుపాకులు ఎవలవి అంటే వచ్చినోళ్లవి. మన తెలుగుల అంటుమాట ముందుగల వస్తది, ఎన్కనే దాని మనిషి వస్తడు. నేను గా వరుసలనే ఇంగ్లీషు పెట్టిన. ముందుగల 'క్యారీయింగ్ గన్స్' అని రాసిన. రాసినంక యాదికొచ్చింది, ఇంగ్లీషుల పని జేసినోడు ముందుగల రావాలె గదా అని. అందుకని దాని పక్కనే 'మై హస్బెండ్' అని పెట్టిన. 'క్యారీయింగ్ గన్స్, మై హస్బెండ్ గేవ్ ఫుడ్ టు ద మెన్ హూ కేమ్.' రాసి రెండుసార్లు సదువుకున్న. సక్కగ మోగింది సెవులకు. పెద్ద సదువు సదివినోళ్లు రాసినట్టే ఉన్నదనుకున్న. మంచి కాయిదం మీద ఎక్కిచ్చి, నాగమ్మతోని ఏలుముద్ర ఏపిచ్చిన. ఆమె ఆ కాయిదాన్ని రైకల పెట్టుకొని పోయింది. చిత్తు కాయిదం నా దగ్గర్నే ఉండిపోయింది.

నాయిన మూడోనాడు వచ్చిండు. కండ్లకు మందేసి గుడ్డ కట్టిండ్రు. మంచంల పండుకొని, 'నేను లేనప్పుడు ఎవలన్న వచ్చిండ్రా?' అని అడిగిండు. సంబురంగ చిత్తు కాయిదం తెచ్చి సదివిన. ఆయన ఇని మంచంల లేసి కూసున్నడు.

'బిడ్డ, తుపాకులు ఎవలి సేతుల ఉండె?'

'వచ్చినోళ్ల సేతుల నాయినా.'

'నువ్వు రాసినదాంట్ల ఎవలి సేతుల ఉన్నయ్?'

నేను కాయిదం దిక్కు సూసిన. ఆ తుపాకుల పక్కన ఎవలున్నరో అప్పుడు కనపడ్డది. తుపాకులు పట్టుకొని, నా పెనిమిటి, వచ్చినోళ్లకు బువ్వ పెట్టిండు. గట్లున్నది. ఆయన పెండ్లమే ఏలుముద్ర ఏసి ఆయనను దళపోడని సెప్పినట్టున్నది.

నాయిన తిట్టలే. 'ఆమె ఎక్కడుందో దేవులాడు' అన్నడు, గంతే.

దేవులాడే పని లేకుండ మరునాడు నాగమ్మే వచ్చింది. వచ్చి వాకిట్లనే కూసున్నది. క్యాంపుల కాయిదం ఇచ్చిందంట. ఆఫీసరు సదివి ఎర్ర పెన్సిలుతోని కింద గీత గీసిండంట. ఆమె మొకం దిక్కు సూసి, 'ఇది నీ మాటేనా' అని గుమస్తాతోని అడిగిపిచ్చిండంట. నా మాటే అన్నదంట ఈమె. ఆ పొద్దే సైదులును రెండో కొట్టంల ఏసిండ్రంట. 'నిన్నటిదాంక దూరంకెళ్లి అయినా సూడనిచ్చిండ్రు చెల్లె, ఇప్పుడు గేటు కాడికే రానిస్తలేరు. ఎందుకో తెలుస్తలేదు' అన్నది.

సెప్పాలె గదా ఇగ. సెప్పిన. మాట మంచిదే అక్కా, నేను పెట్టిన జాగనే తప్పు అన్న. ఆమెకు ఏం సమజ్ కాలే. ఎట్ల అయితది? మల్ల సెప్పిన. తుపాకులను తీసుకపోయి నీ పెనిమిటి సేతుల పెట్టిన అక్కా, కాయిదంల, అని.

అప్పుడు సూసింది నన్ను. 'అంటే నేనే ఏలుముద్ర ఏసి నా మొగన్ని పట్టిచ్చిన్నా?'

'నువ్వు గాదు అక్కా. నేను.'

తిడతదనుకున్న. కొడతదనుకున్న. కొట్టినా ఊకుందామనుకున్న. సీర కొంగు దులుపుకొని లేసింది. 'మరి నడువు. గదే మాట ఆడికొచ్చి సెప్పు' అన్నది.

నాయిన ఒద్దనలే. కాకపోతే ఒక మాటన్నడు, అక్కడ సాకులు సెప్పకు, తప్పు నాది అని మొదటి మాటనే అను అని.

సూర్యాపేటకు బస్సు దినాం ఒక్కటే. బొగ్గుల బస్సు, ఎన్క పొయ్యి ఉంటది, గడ్డ ఎక్కాలంటే మనం దిగి నడవాలె. ఇప్పుడు ఒక్క గంటల పోతున్నరు గదా, మాకు సగం పొద్దు పట్టింది. తొవ్వ పొడుగుత నాగమ్మ నా పక్కన మొకం అటు తిప్పుకొని కూసున్నది.

క్యాంపు కాడ గుమస్తా ఒకాయన ఉండె, కోదాడ మనిషి. మాట కొంచెం ఆంధ్ర దిక్కు మాట. నేను సంగతి సెప్తే తల పట్టుకున్నడు. 'అమ్మాయ్, ఇచ్చిన అర్జీ మార్చుకుంటానంటే అబద్ధం అంటారమ్మా. నిన్ను కూడా లోపల కూర్చోబెట్టగలరు. చదువుకున్న పిల్లవి, ఇంటికెళ్లిపో' అన్నడు. మంచికే సెప్పిండు. నేను పోలే. ధైర్యం అనుకునేవు, ధైర్యం గాదు. నా పక్కన నాగమ్మ నిలబడ్డది, ఎట్ల పోత?

పెద్దసేపయినంక లోపలికి పిలిసిండ్రు. ఆఫీసరుది అరవ దేశం. సన్నగ, అద్దాలు పెట్టుకొని, బడిపంతులు లెక్కనే ఉన్నడు. ఇంగ్లీషులనే మాట్లాడిండు, నీకు మన మాటల సెప్తున్న.

'తప్పు నాది సార్. ఈ అర్జీ నేను రాసిన. తుపాకులు వచ్చినోళ్ల సేతుల ఉండె. నేను తప్పు జాగల పెట్టిన' అన్న.

'ఇంగ్లీషు ఎవలు నేర్పిండ్రు?'

'మా నాయిన.'

'గిట్లనే నేర్పిండా?'

గా మాట తగిలింది బిడ్డ నాకు. 'మంచిగనే నేర్పిండు సార్, నేనే రాయలే' అన్న.

ఆయన కాయిదం తీసి బల్ల మీద పెట్టిండు. 'ఈడికి తిరిగొచ్చినోళ్లందరిదీ ఒకటే మాట, రాసినోళ్లది తప్పు అని. నిన్నెందుకు నమ్మాలె?' అన్నడు.

నాగమ్మ నా మోచెయ్యి పట్టుకొని, 'ఏమంటుండు?' అని అడిగింది. నమ్మనంటుండు అక్కా అన్న. ఆమె ఒక అడుగు ముందుకేసింది. ఆయనకు తెలుగు రాదని తెలుసు, అయినా ఆయన మొకం సూసే సెప్పింది. 'అయ్యా, తుపాకులు పట్టుకొని వచ్చిన మనుషులకు మా ఇంటాయన గటక పోసిండు. ఆయన సేతుల ముంత ఉండె. ముంత తప్ప ఇంకేం లేదు.'

ఆఫీసరు ఆ మొదటి మాటను మల్లొకసారి అనుమన్నడు. అన్నది. ఒక్కో ముక్క ఏందని నన్నడిగిండు. తుపాకులు అంటే గన్స్, పట్టుకొని వచ్చిన అంటే గిది, మనుషులకు అంటే గిది, అని వరుసగ సెప్పిన. ఆయన పెదవులు కదిలిచ్చుకుంట తన అరవంల అనుకున్నడు. ఆ భాషల గూడ మన లెక్కనే అంటుమాట ముందుగల వస్తదంట. రెండుసార్లు అనుకున్నడు. అద్దాలు తీసిండు, మల్ల పెట్టుకున్నడు. తెల్ల కాయిదం ఒకటి నా ముందటికి జరిపిండు.

'కూసోని రాయి.'

'మై హస్బెండ్ గేవ్ ఫుడ్ టు మెన్ హూ వర్ క్యారీయింగ్ గన్స్.' గింతే. చిన్నపిల్లగాడు గూడ రాస్తడు.

'కింద నీ పేరు, మీ నాయిన పేరు, ఊరు పెట్టు. ఇది అబద్ధమని తేలితే మనిషిని పంపి నిన్ను పిలిపిస్త' అన్నడు. పెట్టిన.

ఎంటనే ఇడువలే. ఊర్లె ఇచారణ జేసిండ్రు, పటేలును అడిగిండ్రు. ఇరవై దినాలు పట్టింది. సైదులు నడుసుకుంటనే ఇంటికొచ్చిండు. కాకపోతే, గా రెండో కొట్టంల ఉన్న దినాలు ఉన్నయ్ సూడు, నీ తుపాకి ఏడ దాసినవ్ అని కొట్టిండ్రంట. లేని తుపాకి ఏడికెళ్లి తెస్తడు? ఎడమ సెవు మల్ల ఇనరాలే ఆయనకు.

— ఆయన నిన్నేమన్న అన్నడా అమ్మమ్మా?

ఏమనలే. మా ఇంటికి రాలే. అంగడి కాడ ఎదురైతే పక్కకు తిరిగి పోయేటోడు. ఒకటి రెండుసార్లు నేను పిలిసిన గూడ. సెవు ఇనరాక పోయిండో, నన్ను సూసి పోయిండో, నాకు ఇప్పటికీ తెల్వదు.

నాయిన మల్ల నాతోని అర్జీలు రాపిచ్చిండు. నేను రాయనంటే, 'తప్పు ఎట్ల అయితదో తెలిసినదానివి నువ్వే, నువ్వే రాయాలె' అన్నడు. ఇగ అప్పటిసంది ఎవలిది రాసినా, రాసింది మల్ల తెలుగుల సదివి ఇనిపిచ్చేదాంక ఏలుముద్ర ఏపియ్యకపోయేదాన్ని. మల్లమల్ల దిద్ది చిత్తు కాయిదం గీతలతోని నిండిపోతుండె.

తర్వాత ఆరేడేండ్లకు, అప్పటికి నాకు లగ్గమై మీ పెద్దమామ పుట్టిండు, బడి తెరిసిన నాడు నాగమ్మ వచ్చింది. ఎంబడి ఆరేండ్ల ఆడపిల్ల. నూనె పెట్టి తల దువ్వి రెండు జడలేసి తెచ్చింది. నాకు అప్పుడు తెలిసింది, ఆనాడు బొగ్గుల బస్సుల నా పక్కన కూసున్నప్పుడు ఆమె అప్పటికే నెల తప్పి ఉన్నదని.

'దీనికి ఇంగ్లీషు నేర్పు చెల్లె' అన్నది. 'ఎవల కాయిదం వాళ్లు రాసుకోవాలె.'

'ఆయన ఒప్పుకున్నడా అక్కా?'

'ఆయనే తోలుకొచ్చిండు' అని ఎన్కకు సూపిచ్చింది.

సైదులు తొవ్వ అవుతల నిలబడ్డడు, నెత్తికి రుమాలు సుట్టుకొని. నేను పిల్ల సేయి పట్టుకొని ఆయన దిక్కు సూసిన. ఆయన పక్కకు తిరగలే. మేం లోపలికి పోయేదాంక గట్లనే సూసుకుంట నిలబడ్డడు.

పిల్ల మంచిగ సదివింది, కోదాడల నర్సు పని జేసింది... ఆఁ, ఇగ పో బిడ్డ, పోయి సదువుకో. నీ పరీచ్చ సల్లగ గట్టెక్కాలె. నువ్వు రాసింది నలుగురికి ఆసర కావాలె.