ఎవరివీ కాని నీళ్ళు

“అమ్మమ్మా, మనవాళ్ళు ఈ లంకలో ఎప్పట్నించీ ఉన్నారు? కొల్లేట్లో ఎవరు ఎక్కడ వేట చేసుకోవచ్చో రేపు ఏలూరు ఆఫీసులో రాస్తారట. నువ్వు చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుని తీసుకెళ్తాను.”

ఎవరు అడగమన్నారే నిన్ను? ఆఫీసువాళ్ళేనా? చూశావా, మళ్ళీ మొదలెట్టారు. ముందు ఆ ఫోను ఎవరెవరు వింటారో చెప్పు. నువ్వొక్కదానివేనా? సర్లే, ఒట్లు పెట్టకు గానీ, ఇలా దగ్గరగా కూర్చో.

ఎప్పట్నించీ అంటే ఏం చెప్పను? ఈ దిబ్బ తేలినప్పట్నించీ మనమే. మనకంటే ముందు కొంగలుండేవేమో, వాటినడుగు. తాటి దోనెలు, మావులు... అదే, చేపలు పడ్డానికి వెదురుతో అల్లేవి, నువ్వు చూళ్ళేదులే. వేటకి వంతులుండేవి. ఇవాళ మీరు, రేపు మేము. నీళ్ళని పట్టుకుని నావి అనడం మనలో తప్పు. ఎవరూ అనేవారు కాదు.

తర్వాత దొరలొచ్చారు. నేను చూళ్ళేదు, మా నాన్నకి వాళ్ళ తాత చెప్పాట్ట. కొలిచే గొలుసులూ అవీ పట్టుకుని, గుర్రం మీద... కాదు కాదు, గుర్రం ఇక్కడికెలా వస్తుంది, మన దోనెలోనే మనవాళ్ళే తీసుకొచ్చారు. పైగా కొర్రమీను పులుసు వండి పెట్టారు. అదీ మన తెలివి! తిని, చెయ్యి కడుక్కుని, ఈ నీళ్ళెవరివని అడిగాట్ట దొర. ఆ తాత చేతులు కట్టుకుని, ఎవరివీ కావండి, అన్నాడు. పక్కనున్న గుమాస్తా పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశావయ్యా అని ఒక్కళ్ళూ అడగలేదు. అడిగితే మర్యాద కాదని.

స్వతంత్రం వచ్చినప్పుడు నాకు పదేళ్ళో, పదకొండో. మా అక్క పెళ్ళయిన ఏడు... ఆఁ, ఆ మరుసటి ఏడు. అణాకి గంపెడు చేపలొచ్చేవి, చెబితే నవ్వుతావు. ఆకివీడులో జెండా ఎగరేస్తుంటే నాన్న నన్ను తీసుకెళ్ళాడు. పిప్పరమెంట్లు పంచారు. కొన్నాళ్ళకి మన ఆఫీసరే వచ్చాడు లంకకి. తెలుగాయన. ఏవండీ, కూర్చోండీ అని ఎంత మర్యాదో! నాన్న మురిసిపోయి, ఇంక ఈ నీళ్ళు మాకొచ్చినట్టేనాండీ, అన్నాడు. ఆయన పుస్తకం తీశాడు. ఆ దొర పుస్తకమే. సర్కారువని ఉందండీ, ఎవరివీ కావని మీ పెద్దలే చెప్పారు కదండీ, అన్నాడు.

నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. నాకిప్పటికీ కడుపు మండిపోతుందే. దొర పోయాక ఆ పుస్తకం ఎందుకుంది? ఎవరు దాచారు? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. అందుకే ఆ తర్వాత చేపల చెరువులు తవ్వుతామన్నవాళ్ళొచ్చినా, పక్షులకి వదిలెయ్యమన్నవాళ్ళొచ్చినా నేను నోరు విప్పలేదు. ఏమంటే ఏం రాస్తారో అని. నోరు విప్పకపోతే, ఒప్పుకున్నారని రాశారు. అదీ చూశాను.

ఆ ఫోన్లో ఎర్రచుక్క వెలుగుతోందా? అయితే విను. ఈ నీళ్ళు మావి.

అనేశానే తల్లీ. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. రేపు వాళ్ళెంత తియ్యగా మాట్లాడినా గబుక్కున సంతకం పెట్టకు. రాసింది మొత్తం చదువు. నూరేళ్ళు చల్లగా ఉండమ్మా. ఇంక వెళ్ళు, బస్సు పోతుంది... ఆగాగు. ఇందాక నేనన్నది ఒకసారి వినిపించు. అదే పడిందో, ఇంకేదైనా పడిందో.