పేరు తెలియదు

1996. నాచారంలో ఓ చిన్న దవాఖానా. చీటీలిచ్చే కంప్యూటరు ప్రోగ్రాము రాసినతను, అది ఎలా నడుస్తుందో చూడటానికి వచ్చాడు. దాన్ని పక్కనబెట్టి, చీటీలిచ్చే ఆమె నోటుబుక్కులోనే రాస్తుంటే అతని మనసు చివుక్కుమంది.

“కంప్యూటర్ల కొట్టుడు నేర్పిన గదమ్మా?”

“నేర్పిన్రు సార్. మొన్న ఉప్పల్ రోడ్డు మీద లారీ గుద్దినాయన్ని తెచ్చిన్రు. స్పృహ లేదు. పేరు కొట్టకుంటే మీ మిషన్ చీటీ ఇయ్యదాయె. గప్పటిసంది బుక్కులనే రాస్తున్న.”

“ఏదో ఒక పేరు కొట్టాల్సింది.”

“పోయే పానానికి దొంగ పేరెట్ల పెడత సార్?”

“బతికిండా?”

“లేదు.”

ఆమె నోటుబుక్కు ముందుకు జరిపింది. ‘పేరు తెలియదు. నీలం అంగీ. చేతి మీద సిలువ పచ్చబొట్టు.’

అతను ఆ వరుసను రెండుసార్లు చదివాడు.

“మా ఆఫీసోళ్లు నన్ను ప్రోగ్రాం రాసుడు ఆపి, ఏం రాయాల్నో చెప్పే పెద్దసారుగ ఉండుమన్నరమ్మా. ఫిట్టర్‌గ మొదలువెట్టి ఇంతదూరం వచ్చినోన్ని, రాసుడే నా పని అనుకొని వద్దన్న.”

“ఇప్పుడు?”

“ఒప్పుకుంట. నెల దినాలు నీ పక్కన స్టూలేసుకొని కూసుంట. ఏం రాయాల్నో ముందు నువ్వు నాకు నేర్పు.”