పెన్సిల్ టిక్కు

యూనివర్సిటీ ఆసుపత్రిలో, మందుల ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ గదిలో మిగిలింది ఇద్దరే: గుమాస్తా, పక్కవీధి టైలరు మాస్టారు. చదువుకున్నవాళ్ల మధ్య సామాన్యుడొకడు ఉండి తీరాలని రూలు. ఆ సామాన్యుడే మాస్టారు.

"ఎనిమిదో పేజీలో ఉన్నాను. కాస్త ఆగు బాబూ."

"ఇంకా ఎనిమిదో పేజీయా! మాస్టారూ, మిగతా ఏడుగురూ ఏడు నిమిషాల్లో సంతకాలు పెట్టేసి వెళ్లారు. ఇదిగో, పెన్సిల్ టిక్కు పెట్టానుగా, అక్కడ."

"టిక్కు కనబడుతోందయ్యా. దానిపైన ఏముందో కనబడాలిగా."

"అవన్నీ పెద్దవాళ్లు చూసుకుంటారు."

"మరి నన్నెందుకు పిలిచినట్టు?"

"మీరు లేకపోతే కోరం ఉండదు. ఊరికే కూర్చుంటే చాలు."

"అంటే ఆటలో అరటిపండునన్నమాట."

"అబ్బే, అలాగని కాదు..."

"కాకపోతే ఈ ముక్క చెప్పు. సగంమందికి మందు, సగంమందికి 'మందును పోలిన మాత్ర'. ఏమిటిది?"

"అదా... ఉత్తుత్తి మాత్ర. పిండిబిళ్ల. తేడా తెలియాలి కదండీ."

"దేనికి మందు?"

"నొప్పికి. ఎముకల ఆపరేషన్ అయిన ముసలాళ్లకి."

"ఎముక కోసి అతికించినవాళ్లకి పిండిబిళ్లా! ఎన్నాళ్లు?"

"పది రోజులే."

"పదే! భరించలేమని ఏడిస్తే?"

"అసలు మందిస్తారు. ఉంటుంది, ఎక్కడో రాసే ఉంటుంది."

"లేదు. నొప్పి సంగతి రాసిన పేజీ రెండుసార్లు చూశాను. 'నొప్పి తీవ్రతను నమోదు చేయవలెను' అని మాత్రం ఉంది. రాసుకుంటారట, అంతే."

"మాస్టారూ, మీకు దండం పెడతాను. ఇవాళ ఈ సంతకం పడకపోతే ఈ ప్రయోగం చేయించే ప్రొఫెసరు గారు నా మీద పడతారు. నా ప్రమోషన్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది."

"గుడ్డకే కొలత చూడందే కత్తెర పెట్టను నేను. గుడ్డ పాడైతే ఇంకోటి తెస్తాను. మనిషిని ఎక్కడ తేను?"

"బలవంతం ఏముందండీ ఇందులో? ఒప్పుకోలు పత్రం మీద సంతకం తీసుకునే కదా మొదలెడతారు!"

"వాళ్లు చదివాకేనా?"

"చదివే... ఇంట్లోవాళ్లకి చెప్పే తీసుకుంటారు."

"ఈ చిన్నక్షరాలు ఆనడం లేదు. ఏ వార్డు?"

"మూడో అంతస్తు, ఆడవాళ్లది."

"తుంటి విరిగి ఆపరేషనయిన మీ అమ్మగారున్నది అక్కడే కదూ? ఎలా ఉన్నారు?"

"ఏం చెప్పను మాస్టారూ. ఒకటే మూలుగు. మంచి మందే వేస్తున్నారు. నర్సు పూటకోసారి వచ్చి ఎంత నొప్పిగా ఉందో అడిగి రాసుకుపోతుంది. అయినా తగ్గదు. నిన్న నేనే కసిరాను, అంత గారాలు పోకమ్మా అని."

"రాసుకుపోతుందా?"

"ఊఁ."

"బాబూ... నువ్వేమన్నా సంతకం పెట్టావా?"

"పెట్టాను. సోమవారం. కొత్త మందన్నారు."

"నా సంతకం పడందే మొదలెట్టకూడదు కదా?"

"కూడదు. కానీ పడుతుందిలే అనుకుంటారు. ఎప్పుడూ పడుతుందిగా..."

"ఆ కాగితంలో ఏముందో చదివావా?"

"పెద్దవాళ్లు చూసే ఉంటారని..."

"చదివావా అని అడుగుతున్నాను."

"టిక్కు ఉంది మాస్టారూ. టిక్కు ఉన్నచోట పెట్టాను. పోయిన శనివారం వంద ఒప్పుకోలు పత్రాలకి ఆ టిక్కులు పెట్టి పైకి పంపింది నేనే."

"కూర్చో బాబూ. మంచినీళ్లు తాగు."

"కూర్చోను. మూడో అంతస్తుకి వెళ్తున్నాను. మీరు ఆ ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ప్రొఫెసరు గారే స్వయంగా వచ్చి అడిగినా సరే, సామాన్యుడు ఇంకా చదువుతున్నాడని చెప్పండి."