అలసట జన్యువు

పెద్దమ్మకి యాభై తొమ్మిదేళ్ళు. టీ గ్లాసు ముట్టుకోవాలన్నా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. పరిశోధన వదిలేసి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఎన్నేళ్ళయినా, ల్యాబులో పట్టిన ఈ అలవాటు పోలేదు. వీధిలో అందరూ ఆవిడని పెద్దమ్మ అనే పిలుస్తారు. నిజంగా ఆ వరస అయ్యేది చెల్లెలి కూతురికి ఒక్కదానికే.

ఆ ఆదివారం సాయంత్రం చెల్లెలి కూతురు వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. ఎమ్మెస్సీ అయింది. పరిశోధనకి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి వేరే ఊళ్ళో, నీళ్ళందక వాడిపోయిన మొక్కల వేళ్ళలో ఏ జన్యువులు పనిలోకి దిగుతాయో చూసే ల్యాబులో. రెండోది ఇక్కడే, పెద్దమ్మ భర్త నడిపే ల్యాబులో. తెల్లారేసరికి ఏదో ఒకటి వద్దని చెప్పెయ్యాలి. ఎటు వెళ్ళినా ఐదేళ్ళ జీవితం.

ఆ పిల్లని తనవైపు తిప్పుకోవడానికే పెదనాన్న కథ ఎత్తుకున్నాడు. వాలుకుర్చీలో ఆయన, ఎదురుగా మోడాల మీద ఎదురింటి నర్సూ, పక్కవాటాలో ఉండే రిటైరైన బస్సు కండక్టరూ. వాళ్ళకి కథ కొత్తదేం కాదు. విన్న ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది కనక, ఈసారి ఎంత పెరిగిందో చూద్దామని వస్తారు. పెద్దమ్మ టీ పోస్తోంది. ఆయన కోతలు కోస్తాడు, ఆవిడ టీ పోస్తుంది. లోకం దాన్ని అన్యోన్య దాంపత్యం అంటుంది.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదమ్మాయ్," అని మొదలుపెట్టాడు.

"ఆ సంగతి మాకు తెలీదా గురువుగారూ," అన్నాడు కండక్టరు.

"చిన్న ప్రయోగం. గుప్పెడు ఎలుకలు. అంతే. ఇదిగో కండక్టరూ, నీకోసం మొదట్నుంచీ చెబుతున్నా, ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి, కంట్లోనూ అవే, కాలిగోటి మొదట్లోనూ అవే, కానీ అన్నీ ఒకేసారి పని చెయ్యవు, ఆఫీసు నిండా మనుషులున్నా ఫైలు కదిలించేవాళ్ళు నలుగురే ఉన్నట్టు, ఎండ కొడితే కొన్ని లేస్తాయి, ఆకలేస్తే కొన్ని లేస్తాయి, జ్వరమొస్తే ఇంకొన్ని, లేచిన జన్యువు ఊరికే కూర్చోదు, చీటీలు రాసి బయటికి విసురుతుంది, ఫలానా సరుకు తయారుచెయ్యండీ అని, ఆ చీటీలు పట్టుకుని లెక్కపెడితే ఎవరు పనిలో ఉన్నారో ఎవరు గుర్రు పెడుతున్నారో బయటపడుతుంది. అదీ మా విద్య."

"మీరు మా డిపోకి రావాల్సింది గురువుగారూ."

"నాకేం తట్టిందంటే, నిద్ర లేకపోతే మెదడులో ఏ జన్యువు లేస్తుంది? అప్పటికి భూమ్మీద ఎవడికీ తెలీదు. ఒక డ్రమ్ము చేయించాను. మెల్లగా తిరుగుతూ ఉంటుంది. అందులో ఎలుక కునికితే దొర్లి పడుతుంది, అందుకని నడుస్తూనే ఉండాలి. ముందు మగ ఎలుకల్ని పెట్టాను. అబ్బబ్బ, ఒకదాన్నొకటి కొరుక్కుని, చెవులు చింపుకుని, ఒకటే రక్తం! అప్పుడు నా బుర్ర ఎలా పనిచేసిందో చూడు. మగవాటిని తీసి తలా ఒక బోనిచ్చి హాయిగా పడుకోబెట్టాను. డ్రమ్ములో ఆడవాటిని పెట్టాను. ఎంత బుద్ధిగా నడిచాయనుకున్నావ్! ఒక్కటి నోరెత్తలేదు."

"ఎత్తవు సార్," అంది నర్సు. "రాత్రి డ్యూటీ చేశాను, పొద్దున వంట చేశాను, మధ్యాహ్నం బట్టలుతికాను, ఇప్పుడు మీ కథ వింటున్నాను. నేనెత్తానా?"

అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వాడు. కథ చెప్పేటప్పుడు ఎవరు నవ్వినా ఆయనకి మెచ్చుకోలు లాగే వినిపిస్తుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చీటీలున్నాయే, అంత సుకుమారమైన వస్తువు సృష్టిలో లేదు. చెయ్యి తగిలితే పోతాయి, చెమట తగిలితే పోతాయి, వాటిని నమిలేసే సరుకు మన వేళ్ళ మీదే ఉంటుంది. మెదడు తీసిన క్షణంలో గడ్డకట్టించి, పొడి కొట్టి, చీటీలు పట్టాలి. చెమట పట్టకూడదని నా ఒంటికి గట్టిగా చెప్పాను, ఆగిపోయింది. ఆవిరి తగలకూడదని ఊపిరి బిగబట్టాను. ఒక ఎలుకకి కాదు. అన్ని ఎలుకల మెదళ్ళూ నూరడం అయ్యేదాకా మళ్ళీ ఊపిరి పీల్చలేదు."

"నూరిందెవరు?" అంది పెద్దమ్మ, గ్లాసు అందిస్తూ.

"నువ్వే నూరావులే. నేను పక్కన ఊపిరి బిగబట్టాను. రెండిట్లో ఏది కష్టం?"

"మీదే," అంది పెద్దమ్మ.

"విన్నారా! అప్పుడు ఆ చీటీలకి రంగు వేసి గాజుపలక మీద పోశాను. పలక మీద వేల చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో జన్యువుది. ఏ జన్యువు పనిలో ఉంటే దాని చుక్క వెలుగుతుంది. పడుకున్న ఎలుకల పలకలన్నిట్లో ఒక మూల చీకటి. నిద్ర లేనివాటి పలకల్లో అదే మూల, అదే చుక్క, అబద్ధమాడితే ఈ కుర్చీ విరిగిపోవాలి, ఒక్క ఎలుక కూడా తప్పకుండా ధగధగా వెలిగిపోతోంది! గదిలో దీపాలు ఆర్పేసి ఆ వెలుగులో ఆ రోజు పేపరు మొత్తం చదివాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెలుగు కిటికీలోంచి వీధిలో పడింది. తెల్లారిందనుకుని పాలవాడు వచ్చేశాడు. కాకులు లేచి గోల. వాచ్‌మన్ నిప్పంటుకుందని ఫైరింజన్‌ని పిలిచాడు. వాళ్ళొచ్చి నీళ్ళు కొట్టారు. జన్యువు వెలుగు నీళ్ళకి ఆరుతుందా? ఆఖరికి నేను చొక్కా విప్పి కప్పితే తగ్గింది."

"పోయినసారి తువ్వాలన్నారు," అన్నాడు కండక్టరు.

"ముందు తువ్వాలు. చాలక, దానిమీద చొక్కా. మధ్యలో అడ్డం రాకు. ఈలోపు పైన పోతున్న విమానం ఒకటి, ఆ వెలుగు చూసి దిగే చోటు ఇదేననుకుని కిందికి వచ్చేస్తోంది! నేను బనీను మీద మేడెక్కి చేతులూపి, బాబూ ఇది కాదు, ఇంకాస్త ముందుకెళ్ళాలి అని దారి చెప్పాను. పైలట్ కిటికీలోంచి టోపీ తీశాడు. ఇంత మందం మీసం వాడికి."

"మీసం కూడా కనిపించిందా?" అంది నర్సు.

"అంత వెలుగులో కనిపించకేం? సభలో ఆ పటం తెర మీద వేస్తే ముందు వరసలో కూర్చున్న ముసలాయనకి కంట్లో పొర కరిగిపోయి, కళ్ళజోడు తీసి అక్కడే పారేశాడు. నిద్రమాత్రలు చేసే కంపెనీల వాళ్ళు మా గేటు నుంచి రైల్వే స్టేషను దాకా వరసలో నిలబడ్డారు. అలసట జన్యువు! పేరు పెట్టింది నేనే. దాన్ని ఆర్పే మందు ఒక్కటి దొరికితే మనిషికి ఇంక నిద్రే అక్కర్లేదు. ఆ చుక్క నన్ను గుర్తుపడుతుందంటే నమ్ముతావా? నేను గదిలోకి వస్తే ఒక మెట్టు ఎక్కువ వెలుగుతుంది."

చెల్లెలి కూతురు నవ్వుతూనే, నవ్వుకి తగని శ్రద్ధతో అడిగింది: "అది సరే పెదనాన్నా, తర్వాత ఎవరూ చూడలేదా దాన్ని? మళ్ళీ చేసినవాళ్ళు లేరా?"

పెదనాన్న చెయ్యి గాల్లో తిప్పాడు. "లేకేం? ఒక పిల్ల చేరింది నా దగ్గర. తెలివైందే. ఈసారి పకడ్బందీగా చేద్దామని అన్నీ మగ ఎలుకలే తీసుకోమన్నాను. ఆడవాటికి నాలుగు రోజులకోసారి ఒంట్లో ఏదో మారుతుంది, లెక్క తేలదు. ఒక్కోదానికి ఒక్కో డ్రమ్ము ఇచ్చాను, కొట్టుకోకుండా. నాలుగేళ్ళు చేసింది. నాలుగేళ్ళూ ఆ మూల చీకటే! చేతిలో పస లేదు. నేను చేస్తే విమానాలు దిగాయి, ఆ పిల్ల చేస్తే మిణుగురు కూడా రాలేదు. ఆఖరికి చెప్పాను, తల్లీ, ఇది అందరివల్లా అయ్యేది కాదు, ఇంటికెళ్ళు అని. ఎక్కడో బట్టల కొట్లో బిల్లులు కొడుతోందట. నీ చెయ్యి అలాంటిది కాదమ్మాయ్. మీ పెద్దమ్మ పోలిక. ఆ చుక్క నీకు వెలుగుతుంది. రేపు పొద్దున ఆ మొక్కలవాళ్ళకి రానని చెప్పెయ్."

"చెప్పేస్తాను పెదనాన్నా," అంది ఆ పిల్ల. కళ్ళు మెరుస్తున్నాయి.

పెద్దమ్మ కెటిల్ కింద పెట్టింది.

నాలుగేళ్ళు పనిచేసిన ఆ పిల్ల ఈ వరండాకి చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అరచేతులు తిప్పి తిప్పి చూసుకునేది. "మేడమ్, నా చేతులకేమైంది? అన్నీ సార్ చెప్పినట్టే చేస్తున్నాను," అనేది. "ఏమీ కాలేదమ్మా, ముందు ఇది తిను," అని పళ్ళెం అందించేది పెద్దమ్మ. అంతకంటే చెప్పాల్సింది ఉంది. చెప్పలేదు. అప్పటికి భర్త ఆ చుక్క మీదే పెద్ద పదవి ఎక్కాడు, సభల్లో శాలువాలు కప్పించుకున్నాడు, ఇంటికొచ్చాక కూడా దాని గురించే మాట్లాడుతూ నిద్రపోయేవాడు. సంసారం నిలబెట్టుకోమని ఆడపిల్లకి అందరూ చెబుతారు. అది ఎవరి నెత్తిన నిలబడుతుందో మాత్రం చెప్పరు.

"ఏమండీ," అంది. "డ్రమ్ములో నడిచినవన్నీ ఆడవేగా?"

"అవును. ఇప్పుడేగా చెప్పాను."

"పడుకున్నవన్నీ మగవి."

"అవునే. అయితే?"

"ఆ చుక్క పేరేమిటో ఎప్పుడైనా చూశారా?"

"పేరేమిటి? అప్పట్లో ఉత్త నంబరు."

"తర్వాత అన్ని నంబర్లకీ పేర్లొచ్చాయి. నేను చూశాను." గొంతు పెంచలేదు. క్లాసులో చెప్పినట్టే చెప్పింది. "ఆడప్రాణి కణాల్లో ఎక్స్ క్రోమోజోములు రెండుంటాయి. రెండూ పనిచేస్తే మోతాదు మించుతుంది. అందుకని ఒకదాన్ని పడుకోబెట్టడానికి ఒక జన్యువుంది. ఆడవాటిలో అది కడుపులో ఉన్నప్పుడే పని మొదలుపెడుతుంది, మళ్ళీ ఆపదు. ఒళ్ళెరక్కుండా నిద్రపోయినా అంతే, రాత్రంతా నడిచినా అంతే. మగవాటిలో పని చెయ్యదు, అవసరం లేదు కనక. ఏటా రెండో సంవత్సరం పిల్లలకి ఈ పాఠం చెబుతాను. మీ చుక్క అదే."

చెల్లెలి కూతురు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. దానికి మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. మగ ఎలుకలు, నాలుగేళ్ళు, చీకటి మూల, అన్నీ.

"నాకు తలకెక్కలేదు పెద్దమ్మగారూ," అన్నాడు కండక్టరు.

"అలసట కాదు కండక్టరుగారూ సార్ కనిపెట్టింది," అంది నర్సు నెమ్మదిగా. "డ్రమ్ములో నడిచినవి ఆడ ఎలుకలని కనిపెట్టారు."

"అదా? తోకెత్తి చూస్తే తెలిసేదిగా!"

నవ్వు రావాల్సిన చోట రాలేదు. కండక్టరు అటూ ఇటూ చూసి, ఖాళీ గ్లాసులోంచి ఒక గుక్క తాగాడు. పెదనాన్న చేతులు కుర్చీ మీదికి దిగాయి. అంతసేపూ గాల్లో విమానాలు దింపిన చేతులు, ఏం చెయ్యాలో తెలియనట్టు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆయన వెంటనే వాదిస్తాడని నర్సు ఎదురుచూసింది. వాదించలేదు. ఎంతైనా అదే చదువు చదివినవాడు. చుక్క, ఆడ, మగ, మూడూ పక్కపక్కన పెడితే లెక్క ఆయనకీ వచ్చేస్తుంది. ఇన్నేళ్ళూ పక్కన పెట్టలేదు, అంతే.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

ఆవిడ కెటిల్ మూత సర్దింది. చెబితే ఆయనకంటే తనకే ఎక్కువ తగిలేది.

"ఇంట్లో చెప్పొచ్చుగా," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఇలా నలుగురిలోనా?"

"మీరూ నలుగురిలోనే కదండీ చెబుతూ వచ్చింది."

నర్సు లేచింది. డ్యూటీ టైమైందంది. కండక్టరు ఆవిడ వెనకే మెట్లు దిగుతూ, ఏదైనా మంచిమాట అనాలని వెనక్కి తిరిగి, "కానీ గురువుగారూ, విమానం మాత్రం బాగుంది," అన్నాడు.

చెల్లెలి కూతురు పెద్దమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది. "ఆ అమ్మాయి పేరేంటి పెద్దమ్మా? ఏ కొట్లో చేస్తోంది?"

పెద్దమ్మ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "రేపు మొక్కలవాళ్ళకి వస్తానని చెప్పు. ముందు అది చూసుకో," అంది.

ఆ పిల్ల అలాగే చెప్పింది. పెద్దమ్మ ఆ నెల తిరక్కుండానే, ఆ చుక్క మీద అచ్చైన, రాసినవాళ్ళలో మూడో పేరు తనదైన పరిశోధన పత్రం తప్పని, వెనక్కి తీసుకోమని పత్రికకి రాసింది. బట్టల కొట్లో పనిచేసే అమ్మాయికి మాత్రం రాయలేదు.