తెర మీద కంపెనీ సారు నెంబరు

ఏమప్పా అవినాషూ, మిద్దె మీద ఆ పెద్ద గిన్నె ఎవురిదని అడిగితివి గదా? మీ అమ్మ మిరపకాయలు ఎండబెడతాండాదే, అది చానళ్లు పట్టే డిష్షు. దాసన్నది. కేబుల్ దాసన్న అంటే పత్తికొండలో తెలీనోళ్లు లేరు. మన మిద్దె ఎత్తు గదా, ఈడ పెట్టుకున్నాడు. నువ్వు పుట్టకముందే చచ్చిపాయ. శానా నెమ్మదస్తుడు. చర్చిలో డోలు వాయిస్తాండె, ఆ డోలొక్కటే గట్టిగా... టీ తాగు, సల్లారిపోతాది.

యాడుంటి? ఆ, గిన్నె. దాని కత కంపెనీతోనే. సీరియల్ వచ్చే చానలు కంపెనీవాళ్లు ఒక కార్డు ఇస్తారు. అది డబ్బాలో పెడితేనే బొమ్మ వస్తాది. ఎన్ని ఇండ్లకు వైరు లాగింటే అన్నింటికీ కంపెనీకి కట్టాల. దాసన్నకు ఎనిమిదినూర్ల ఇండ్లుంటే మూడునూర్లని రాసిచ్చె. తప్పే. ఎవురు రాయలేదు అట్ల? నిజం రాస్తే కూలోళ్ల ఇండ్లకు యాభై రూపాయలకు వైరు యాడిస్తాడు? ఆ వైర్లే వానికి కూడు. ఆ యేడు కంపెనీ సారు కర్నూలు నుంచి వచ్చి, "ఒక్క చానలు ఇయ్యం, పదీ తీసుకో, రేటు రెండింతలు" అన్న్యాడు. వంకాయలు అడిగితే గంపంతా నెత్తినెత్తినట్ల. దాసన్న "కుదర్దు సార్" అన్న్యాడు. మర్సనాటికి కార్డు బంద్.

ఆడోళ్లు ఊరుకుంటారా? మీ అవ్వ సుబ్బలక్ష్మమ్మ వీధిలోకి పోయి, "దాసన్నా, సీరియల్లో ఆ పిల్ల పెండ్లి అయ్యిందా లేదా చెప్పు, లేకుంటే వైరు పీకి పారేస్తా!" ఈ బాధ పడలేక దాసన్న ఏం జేసినాడంటే, చానలు వచ్చే తావున తెర మీద ఆ సారు ఫోన్ నెంబరు ఏసినాడు. "ఆపింది ఈయన. పేరు, వీధి చెప్పి ఈయన్నే అడగండి" అని. నాకు చూపిచ్చి ఒకటే నవ్వు.

రెండు దినాలు ఊరంతా ఫోన్లే ఫోన్లు. సారు ఇసుక్కోలేదంట. "మీ పేరేందమ్మా? యే వీధి? రాసుకుంటాండా తల్లీ." ఎంత మర్యాదస్తుడని ఆడోళ్లు మురిసిపోయిరి. మూడో దినం సారు పుస్తకం సంకన పెట్టుకోని దిగినాడు. ఏడునూర్ల పైన పేర్లు. "ఏం దాసన్నా, మూడునూర్లంటివే?"

ఈడనే, ఇదే అరుగు మీద కూచోని దాసన్న ఒక్కో పేరూ చదివినాడు. మన వీధి, పెద్దబజారు కాడ ఆగినాడు. మన ఇంటి పేరుతో ఏడుండాయి. నా దిక్కు చూసినాడు. ఆ ఏడు ఫోన్లూ నేనే చేసినాప్పా. గొంతు మార్చి మార్చి. ఒక తూరి మీ అవ్వ మాదిరి, ఒక తూరి ముసిలోని మాదిరి దగ్గుకుంటా. ఎంతమంది అడిగితే సారు అంత భయపడతాడని, దాసన్నకు సాయమని చేసినా నేను.

"సారూ, ఈడ ఉండేది ఒక్క టీవీ, ఇవి కొట్టేయండి" అని దాసన్న అంటే అయిపోయేది. అన్లేదు. సారు ముందర నా మర్యాద పోతాదని అన్లేదు. ఉన్న పేర్లన్నింటితో పాటు ఆ ఏడింటికీ కట్టినాడు, ఆ బాకీ కింద వైర్లన్నీ కంపెనీకి పాయ, గిన్నె ఈడనే ఇడిసి పాయ. మళ్లీ యేడు కర్నూలోళ్ల కింద, తన వైర్లకే, దినకూలికి స్తంభాలెక్కుతాండె. నన్ను చూస్తే పైనించి "బాగుండావా అన్నా" అనేటోడు.

...సరే, లేయప్పా. ఆ గ్లాసు లోపల పెట్టు.