ఒల్మెడా మోచెయ్యి

లేవకు, లేవకు. కూర్చునే ఉండు. నేను మర్యాదలకి రాలేదు. ఇదుగో, ఈ ముదనష్టపు కప్పు నీ మొహాన కొట్టి పోదామని వచ్చాను. తీసుకో ఎల్మర్! చేతులకి నూనె ఉంటే గుడ్డకి తుడుచుకుని తీసుకో. ఆ మంచు ఊడ్చే మిషను ఎక్కడికీ పారిపోదులే, మంచు పడటానికి ఇంకా చాలా రోజులున్నాయి.

నవ్వొస్తోందా? నవ్వు. చూడు దీని అందం. బౌలింగ్ ఆడేవాళ్ళు పారేసిన పాత కప్పు, దాని తల విరగ్గొట్టి ఒక బేస్‌బాల్ అతికించారు. దీనికోసమా పదిమంది ముసలాళ్ళు ఫోనుల్లో జట్లు కట్టుకుని మార్చి నుంచి సెప్టెంబరు దాకా కొట్టుకు చచ్చేది? నిన్న సాయంత్రం డీకన్ రే మా గుమ్మంలోకొచ్చి, చర్చిలో చందా పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని అందించాడు. "స్టాష్ బతికుంటే ఎంత మురిసిపోయేవాడో వాండా" అని కళ్ళు కూడా తుడుచుకున్నాడు. లీగ్ పెద్ద కదా, ఏడుపు కూడా ఆయన డ్యూటీయే కాబోలు.

నేను గెలవలేదు ఎల్మర్. నువ్వు ఓడిపోయావు. ఆ రెంటికీ తేడా నాకు తెలీదనుకున్నావా?

నేనే చెప్తా. శనివారం పొద్దున ఒల్మెడాని నా జట్టులోంచి తీసేశాను. మోచెయ్యి కోయించుకుని, ఈ ఏడాదంతా ఒక్క బంతి విసరని పిచర్. సీటుకి బరువు తప్ప వాడివల్ల నాకు పైసా ఉపయోగం లేదు. నేను వదిలేసినవాణ్ణి ఇంకెవడైనా తీసుకోవచ్చు, అది మీ రూలే. కానీ ఎవడు తీసుకుంటాడు? అందునా ఫైనల్ వారంలో! అందునా నాకెదురుగా ఫైనల్ ఆడుతున్నవాడు!

ఆదివారం చూస్తే వాడు నీ జట్టులో ఉన్నాడు. వాడికి చోటివ్వడానికి ఎవర్ని బయటికి నెట్టావు? అంత బాగా కొట్టే ప్రూయెట్‌ని! మధ్యాహ్నం ఆ ప్రూయెట్ రెండు హోమ్‌రన్‌లు కొట్టాడు. ఎవడి ఖాతాలోనూ పడకుండా గాలికి పోయాయి. వాటిలో ఒక్కటి నీకు పడినా ఈ తలలేని కప్పు నీ ఇంట్లో ఉండేది.

వేలు జారిందా? ఆ మాట డీకన్‌కి చెప్పు, నమ్ముతాడు. నా చెవిలో పువ్వులు పెట్టకు.

విధవరాలు కదా, పాపం గెలవనిద్దామనుకున్నావు. అంతేనా? ఒళ్ళు మండిపోతోంది ఎల్మర్! నీ దయ మీద గెలవడానికా నేను ఇంతకాలం ఈ గాడిద చాకిరీ చేసింది?

అసలు మీ ఆట గురించి నన్నడిగితే... సొంతంగా బంతి ముట్టుకోరు. వంగితే లేవలేరు. ఎక్కడో కుర్రాళ్ళు ఆడుతుంటే, వీడు నావాడు, వాడు నీవాడు అని ఉత్తుత్తినే పంచుకుని, వాళ్ళు కొట్టినవన్నీ మీరే కొట్టినట్టు చంకలు గుద్దుకోవడం. "నా పిచర్", "నా షార్ట్‌స్టాప్"! ఆ షార్ట్‌స్టాప్‌కి మీరు ఎదురుపడితే ఎవరండీ మీరు అంటాడు.

మా ఆయన పోయి ఆయన జట్టు నా చేతికొచ్చాక నాకూ అంటుకుంది ఆ దరిద్రం. పొద్దున్నే లేచి కాఫీ కన్నా ముందు ఫోను చూడటం. ఎవడి మోకాలు వాచింది, ఎవడి తొడ పట్టేసింది. నా మూడో బేస్ వాడు ఒకడు తుమ్మి పక్కటెముక బెణికించుకున్నాడు. తుమ్మి! కోట్లు తీసుకుంటాడు, తుమ్మడం చేతకాదు. సోమవారం నేనే మహారాణిని. మంగళవారం ఎక్కడో వానపడి ఆట ఆగిపోతుంది, నా మొహం వాడిపోతుంది. బుధవారం ఆట చివర్లో దిగినవాడు గెలిచే ఆటని తగలేస్తాడు, నేను ఉతుకుతున్న బట్టల మీద కసి తీర్చుకుంటాను. శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు తింటుంటే పక్కన కూర్చున్న ప్రతివాడూ నాకు పాఠం చెప్పేవాడే. "అలా కాదు వాండా, ఎడమచేతి వాడు విసురుతున్నప్పుడు వాణ్ణి కూర్చోబెట్టాలి వాండా." ఆ చెప్పినవాణ్ణి ఆ వారమే చిత్తుగా ఓడించాను. మళ్ళీ నోరెత్తితే ఒట్టు!

మన లీగ్‌లో ఆ జిగ్గీ అయితే ఇంకా ఘనుడు. స్టాష్‌ని మట్టి చేసి ఇంటికి రాగానే, పందిమాంసమూ బంగాళాదుంపలూ కలిపి వండిన గిన్నె పట్టుకొచ్చాడు. గిన్నె నా చేతిలో పెట్టి, "దేవుడు నీకు ధైర్యమివ్వాలి" అని, అదే ఊపిరిలో, "స్టాష్ ఫస్ట్ బేస్ వాణ్ణి నాకిస్తావా, బదులు ఇద్దర్నిస్తాను" అన్నాడు. ఆ ఇద్దరూ ఎవరో తర్వాత చూశాను. ఒకడు ఆట మానేద్దామా అని ఆలోచిస్తున్నవాడు, రెండోవాడు మానేశాడని వాడికి తప్ప అందరికీ తెలుసు! గిన్నె తీసుకున్నాను. ట్రేడ్ తీసుకోలేదు. గిన్నె కూడా తిరిగివ్వలేదు.

కానీ జిగ్గీ నయం ఎల్మర్. వాడు కనీసం పోయినవాడి ఇంటికొచ్చి అడిగాడు. నువ్వు ఇంకా బతికున్నవాడి మంచం దగ్గరికెళ్ళి ముంచావు.

ఎందుకలా తల దించుకుంటావు? అబద్ధమా? ఏప్రిల్‌లో స్టాష్ ఆస్పత్రిలో ఉన్నాడు. ముక్కులో గొట్టం, చేతికి సెలైను. నువ్వు పూలూ పళ్ళూ తేకుండా ఫోను పట్టుకుని వెళ్ళావు. బయటికొచ్చేటప్పటికి మా జట్టులో బంగారంలాంటి బ్యాటర్ నీ జట్టులో ఉన్నాడు, నీ ఒల్మెడా మా జట్టులో ఉన్నాడు. మర్నాడు పొద్దున రేడియోలో చెప్పారు. ఒల్మెడా మోచేతిలో నరం తెగింది, ఆపరేషను, ఈ ఏడాదికి వాడి పని అయిపోయింది.

నీకు ముందే తెలుసు. మీ మేనల్లుడు స్టేడియంలో బీరు అమ్ముతాడు. ముందురోజు సాయంత్రమే వాడు నీ చెవిలో వేశాడని లీగంతా తెలుసు. మందుల మత్తులో ఉన్న స్నేహితుడికి చచ్చు సరుకు అంటగట్టావు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడికి!

అందుకే శవపేటిక మీద నిన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. డీకన్ రే బతిమాలాడు. "ఎల్మర్ లేకుండా స్టాష్‌ని మొయ్యడం ఏం బావుంటుంది వాండా" అన్నాడు. దొంగ చెయ్యి పడితే నేను లోపలికే రానన్నాను. నువ్వు కారు పక్కన నిలబడ్డావు, టోపీ చేత్తో పట్టుకుని. వాన పడుతోంది. చూశాను. బాగా చూశాను.

ఆ ఒల్మెడాని నేనెందుకు ఉంచుకున్నాననుకున్నావు? మొగుడి జ్ఞాపకమనా? అందరూ అదే అనుకున్నారు. "పాపం, స్టాష్ చివర్న తీసుకున్న పిచర్ కదా, మనసొప్పక వదల్లేకపోతోంది" అని ఆ జిగ్గీ పెళ్ళాం నా వీపు కూడా నిమిరింది. మనసూ లేదు, మట్టీ లేదు. రోజూ పొద్దున నువ్వు లీగ్ తెరిస్తే వాడి పేరు నీ కళ్ళలో పొడవాలని ఉంచాను. వేసవంతా ఒక సీటు పాడుచేసుకుని, ఒక చెయ్యి వెనక్కి కట్టేసుకుని ఆడాను, నువ్వు చేసిన పని నువ్వు రోజూ చూడాలని. నన్ను చూసి నవ్వారు అందరూ. నవ్వనీ అనుకున్నాను.

శనివారం మాత్రం కక్కుర్తిపడ్డాను. వాడి సీట్లో బంతి విసిరే పిచర్ ఒక్కడుంటే నిన్ను ఓడించొచ్చు. నిన్ను ఓడించడమా, నీ కళ్ళలో పొడవడమా? ఓడించడమే బావుందనిపించింది. ఒల్మెడాని తీసేశాను. నువ్వేమో పరుగెత్తుకెళ్ళి వాణ్ణి ఎత్తుకున్నావు. నేను ఓడిద్దామనుకుంటే, నువ్వే మెడ ముందుకు చాచి ఇచ్చావు. అది కూడా మిగల్చవా నాకు? ఎందుకు చేశావో చెప్పు, పోతాను. ఆ బెల్లం కొట్టిన రాయి మొహం నాకు చూపించకు.

ఏంటి?

ఎవరు అడిగారు?

మళ్ళీ చెప్పు. గట్టిగా చెప్పు... స్టాష్ అడిగాడా? ఒల్మెడాని స్టాషే అడిగాడా?

సిగ్గులేదూ! పోయినవాడి మీద నెడతావా? ఆయనకి ఆ మోచెయ్యి సంగతి తెలీదు... ఏం? నువ్వే చెప్పావా? మంచం పక్కన కూర్చుని, వీడు ఈ ఏడాదికి దండగరా అని చెప్పావా? చెప్తే తీసుకుంటాడా? వెర్రివాడా మా స్టాష్?

వచ్చే ఏడాదికా.

అది... ఆ, రూలు నాకు తెలుసులే, నువ్వు చెప్పక్కర్లేదు. ముగ్గుర్ని వచ్చే ఏడాదికి ఉంచుకోవచ్చు. ఈ ఏడాది ఆశ వదిలేసుకున్నవాడే దెబ్బతిన్నవాణ్ణి చవగ్గా కొంటాడు, వచ్చే ఏడాది కోసం. తెలుసు. అందరూ చేసేదే అది. కానీ స్టాష్... స్టాష్‌కి వచ్చే ఏడాది ఎక్కడిది?

అబద్ధం. నువ్వు అబద్ధమాడుతున్నావు. నాతో ఏమన్నాడో తెలుసా? రెండో విడత మందులు ఎక్కిద్దామని డాక్టరు కాగితం ఇస్తే, గోడవైపు తిరిగి పడుకుని, "చాలు వాండా. నావల్ల కాదు" అన్నాడు. అదొక్కటే మాట. నేను వేసవంతా ఆ మాట నమిలాను. ఇంత తొందరగా చేతులెత్తేశాడేంటి, నాకోసమైనా కాస్త పెనుగులాడొచ్చుగా అని గిన్నెలు తోముతూ తిట్టాను. అలాంటివాడు నిన్ను పిలిచి వచ్చే ఏడాది పిచర్‌ని కొంటాడా?

ఏమన్నాడు? సరిగ్గా ఏమన్నాడో చెప్పు. నీ మాటలు కాదు, ఆయన మాటలు.

వచ్చే ఏడాది ఆగస్టుకి వాడు మళ్ళీ విసురుతాడు... ఊఁ... నేనూ వాండా స్టేడియంకి వెళ్తాం... మూడో బేస్ వైపు...

నీడ పడే సీట్లలో. ఎండైతే వాండా గొణుగుతుంది.

ఆగు. ఒక్క నిమిషం ఆగు. ఏదీ, ఆ స్టూలు ఇలా జరుపు.

...నీకు అంత ఊహ లేదు ఎల్మర్. నీడ పడే సీట్లు నీ బుర్రలోంచి రావు. నువ్వు జీవితమంతా ఎండలోనే కూర్చున్నావు, వీపు కాలినా తెలీదు నీకు. అది ఆయన మాటే.

మరి లీగంతా నిన్ను దొంగ అంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు? నేను అన్ని మాటలన్నాను. వానలో నిలబెట్టాను. చెప్పొచ్చుగా!

చెప్పొద్దన్నాడా. ఎవరికి? వాళ్ళకా? ఆ, అది ఒప్పుకుంటాను. సెలైను పెట్టుకుని వచ్చే ఏడాది బేరం ఆడాడంటే అందరూ అయ్యో అంటారు. మోసపోయాడన్నా పడతాడు గానీ అయ్యో అంటే పడడు. మగాళ్ళ రోగమే అది, మీకందరికీ ఉంది.

ఏంటి తల ఊపుతున్నావు? వాళ్ళకి కాదా?

నాకా?

నాకెందుకు చెప్పొద్దన్నాడు?

...నేను ఆశపడతాననా.

ఆహా. భలే. ఎంత పెద్దమనసు! నేను ఆశపడితే, తర్వాత తట్టుకోలేనని. అందుకని ఆశంతా తీసుకొచ్చి నీ దగ్గర దాచాడు, నీ ఫోనులో, ఒక మోచెయ్యి విరిగిన వెధవ పేరు మీద. నాకేమో గోడవైపు వీపు చూపించాడు. ఆశపడితే ఏం పోయేదిట? పడేదాన్ని. ఎలాగూ ఏడ్చేదాన్నే కదా, ఆశపడి ఏడ్చేదాన్ని!

గుడ్డ వద్దు, అది నూనె గుడ్డ. జేబురుమాలు ఉంది నాకు.

సరే. వాణ్ణి అందుకే ఎత్తుకున్నావు, ఇంకెవడైనా ఎగరేసుకుపోతే వచ్చే ఏడాదికి నాకు ఉండడని. ప్రూయెట్‌ని పారేసి మరీ. తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ తుమ్మినవాడిలాంటివాణ్ణి పారెయ్యొచ్చు... నీ జట్టులో ఇంకెవడూ లేడా? కంగారుపడ్డావా. కంగారుపడ్డావు.

వాణ్ణి నాకు ఊరికే ఇచ్చేస్తానంటే కుదరదు. ఊరికే ఇస్తే కుమ్మక్కయ్యారని డీకన్ రే ట్రేడ్ కొట్టేస్తాడు, మళ్ళీ లీగంతా మీటింగు. సరైన బేరం కావాలి. ఏప్రిల్‌లో మా దగ్గర తీసుకున్న బ్యాటర్ నీ దగ్గరే ఉండనీ. నా ఫస్ట్ బేస్ వాణ్ణి తీసుకో. ఎక్కువా? ఎక్కువైతే కానీ. జిగ్గీ గుండె పగలాలి. క్షమాపణ చెప్తానని మాత్రం కాచుక్కూర్చోకు, అది ఈ బేరంలో లేదు.

ఆ మోచెయ్యి నిజంగా బాగవుతుందా? ఆగస్టుకి? మీ మేనల్లుణ్ణి అడుగు. వాణ్ణే టికెట్లు కూడా చూడమను. మూడో బేస్ వైపు, నీడలో, రెండు. ఆట మధ్యలో నువ్వు నోరు తెరవకూడదు, నాకు పాఠాలు చెప్పకూడదు.

ఈ కప్పు నీ దగ్గరే ఉండనీ, నా ఇంట్లో పెట్టడానికి చోటు లేదు.

ఏం చూస్తున్నావలా? పోనీలే, దొంగవి నువ్వు కాదు ఎల్మర్. నేనే తప్పు మనిషిని పట్టుకుని అరిచాను. నాకు రావలసింది నీ దగ్గర దాచి పోయాడు చూడు, అసలు దొంగ ఆయన. ఇప్పుడు ఎవరి మీద అరవను?